మూత లేని సిలిండరు

మా ఇంట్లో అటక మీద ఒక స్టీలు క్యారేజీ ఉంది. మూడు గిన్నెలది. పై గిన్నె మీద 'భద్రతా వారోత్సవాలు, నినాదాల పోటీ, మొదటి బహుమతి' అని చెక్కి ఉంటుంది. నేను దాంట్లో ఒక్కరోజు కూడా అన్నం పట్టుకెళ్లలేదు. "బంగారంలాంటి క్యారేజీ, అటక మీద ఎందుకండీ" అంటూ మా ఆవిడ ఏడాదికోసారి కిందికి దించుతుంది. నేను మళ్లీ పైకెక్కిస్తాను. ఎందుకని ఆవిడ అడిగినప్పుడల్లా మూత సరిగ్గా పట్టదని చెబుతాను. అది అబద్ధం. దాని మూత బ్రహ్మాండంగా పడుతుంది. మూత లేనిది ఇంకోటి.

నాచారం పారిశ్రామికవాడలో ఒక ఇంజనీరింగ్ ఫ్యాక్టరీలో నేను స్టోర్సు గుమాస్తాని. కోస్తా నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడినవాణ్ని. ఇనుము కోయడానికి వాడే గ్యాసు సిలిండర్లూ ఆక్సిజన్ సిలిండర్లూ గేటు దాటి లోపలికొచ్చినా, ఖాళీ అయి బయటికెళ్లినా నా కళ్లముందు నుంచే వెళ్లాలి. మూత బిగించకుండా సిలిండరు కదపకూడదు, పడుకోబెట్టి తీసుకెళ్లకూడదు, గొట్టం తగిలించి ఉండగా అసలు తాకకూడదు. ఇవి నా మూడు సూత్రాలు. పై అధికారులు పెట్టినవే అయినా, అవి నేనే కనిపెట్టినట్టు పోజు కొట్టేవాణ్ని. మనిషికి చిన్న కుర్చీ దొరికితే వచ్చే జబ్బు అది.

ఒకరోజు కాంట్రాక్టు మీద సామాను దించే ఒకతను మూత లేని సిలిండరును దొర్లించుకుంటూ వస్తూ నా కంటపడ్డాడు. ముప్పై ఏళ్లుంటాయి. నల్గొండ వైపు మనిషి, చెంగిచెర్లలో ఉండేవాడు. నేను విజిల్ వేసి మరీ ఆపాను. "నీకు పెళ్లాం పిల్లలున్నారా? వాళ్ల మొహం మళ్లీ చూడాలని ఉందా లేదా?" అని పదిమందిలో దులిపేశాను.

"ఒక్కసారి మాఫ్ జెయ్యి సార్, తెల్వక జేసిన" అన్నాడు.

మాఫీ చెయ్యలేదు. మధ్యాహ్నం దాకా గేటు పక్కన నిలబెట్టాను. తర్వాత పిలిచి, మూడు సూత్రాలూ మూడుసార్లు అప్పజెప్పించుకున్నాను. పైగా గురువుగారిలా ఇంకో కిటుకు కూడా నేర్పాను. "సిలిండరు మీద అరచెయ్యి పెట్టి చూడు. గ్యాసు గట్టిగా పోతుంటే దాని ఒళ్లు ఐసులా చల్లబడుతుంది, పైన చెమ్మ పడుతుంది. కళ్లు అబద్ధం చెప్పినా చెయ్యి చెప్పదు." అతను శ్రద్ధగా తలూపాడు. ఆ ఏడాది చివర కాంట్రాక్టు మారింది, అతను మళ్లీ కనబడలేదు. నేనూ మర్చిపోయాను.

రెండు మూడేళ్లు గడిచాక మా తోడల్లుడూ, వదినగారూ విజయవాడ నుంచి వచ్చారు. అందరం కలిసి భద్రాచలం వెళ్లాలనుకున్నాం. మా వైపు వాళ్ల ప్రయాణాల సంగతి తెలిసిందే. హోటలు నీళ్లు పడవు, హోటలు కాఫీ నచ్చదు, దార్లో ఉప్మా చల్లారితే మొహం చిట్లిస్తారు. అందుకని ఇంట్లో పొయ్యి, ఇంట్లో సిలిండరు, బియ్యం, పప్పులు, పచ్చడి జాడీ అన్నీ బండిలోకెక్కుతాయి. ఎక్కడ చెట్టు కనబడితే అక్కడ వంటిల్లు. ఇల్లు చక్రాల మీద బయలుదేరిందంటే మాకు అదో గొప్ప.

ఉప్పల్‌లో ట్రావెల్స్ నడిపే ఒకాయన దగ్గర మారుతి వ్యాను మాట్లాడాను. బండి గ్యాసు మీద నడిచేది, కంపెనీ వాళ్లు పెట్టిన కిట్టు. పొద్దున్నే ఆరింటికి వ్యాను మా ఇంటిముందు ఆగింది. డ్రైవరు దిగి నన్ను చూసి మొహమంతా నవ్వు చేసుకున్నాడు.

"మీరా సార్! నన్ను గుర్తువట్టలే? గేటు కాడ నిలవెట్టిన్రు గదా!"

నాకు తల కొట్టేసినట్టయింది. అతనికి మాత్రం ఏ కోపమూ లేదు. మా తోడల్లుడి వైపు తిరిగి, "సార్ మస్తు స్ట్రిక్ట్ అన్నా. గా దినం తిట్టిన్రు గని మంచి మాట జెప్పిన్రు" అన్నాడు. మా తోడల్లుడు బ్యాంకులో ఆఫీసరు. నేను గుమాస్తానని ఎప్పుడూ గుర్తుచేసే మనిషి. అతని ముందు నా గొప్ప ఇంకొకరు చెబుతుంటే ఛాతీ వెడల్పయింది.

సామాను వెనక సీటు వెనకాల సర్దుతున్నాం. సిలిండరు పట్టుకోగానే డ్రైవరు వంగి చూశాడు.

"టోపీ ఏది సార్?"

సిలిండరుతో పాటు తాడు కట్టి వచ్చే తెల్ల ప్లాస్టిక్ మూతనే అతను టోపీ అంటున్నాడు. మా సిలిండరుకి అది లేదు. మా ఏడేళ్ల పాప దాని తాడు తెంపేసి, బొమ్మల కుక్కరు మీద మూతగా పెట్టుకుంది. అది ఎక్కడుందో వెతకాలంటే బొమ్మల సంచీ కింద బోర్లించాలి. అందరూ తొందరపడుతున్నారు. పైగా ఫ్యాక్టరీలో మూత లేదని మనిషిని నిలబెట్టినవాడి ఇంట్లో సిలిండరుకి మూత లేదని తోడల్లుడి ముందు ఎలా చెప్పను?

"లోపల ఉంది, దార్లో పెడతాలే" అన్నాను.

అతను సిలిండరును నిలువుగా నిలబెట్టి, సీటు కాలుకి తాడు వేసి గట్టిగా కట్టాడు. పైన గోనెపట్టా కప్పాడు.

పీర్జాదిగూడ, ఘట్‌కేసర్ దాటాక ఒక వేపచెట్టు కింద ఆగాం. డికాక్షన్ ఇంటినుంచే తెచ్చుకున్నాం కాబట్టి పాలు కాచుకుంటే చాలు. కట్టు విప్పి సిలిండరు దించి, రెగ్యులేటరు తగిలించి కాఫీ పెట్టుకున్నాం. మా తోడల్లుడు గ్లాసు పట్టుకుని, "మళ్లీ గంటలో ఇంకోటి పడాలి" అన్నాడు. డ్రైవరు బోరింగు దగ్గర మొహం కడుక్కోవడానికి వెళ్లాడు.

సర్దడం నాది. మా రెగ్యులేటరు బిరుసుగా ఉండేది, తియ్యాలంటే వేళ్లు నొప్పి పుట్టేవి. గంటలో మళ్లీ కాఫీ అంటున్నారు కదా, తీసి పెట్టడం ఎందుకనుకున్నాను. పొయ్యి మాత్రం కట్టేశాను. రెగ్యులేటరు తగిలించే ఉంది, దాని మీట కూడా తిప్పలేదు. తోడల్లుడి సూట్‌కేసుకి చోటు చాలకపోతే సిలిండరును పక్కకి పడుకోబెట్టాను. పైన పక్కబట్టలు కప్పేశాను. నా మూడు సూత్రాలూ ఒక్క నిమిషంలో గాలికి పోయాయి.

"రెగ్యులేటర్ తీశారా?" అని మా ఆవిడ అడిగింది. తీశానన్నాను. డ్రైవరు వచ్చి మిగతావి అడిగాడు. "నిలవెట్టి కట్టిన్రా సార్? టోపీ వెట్టిన్రా?"

"ఏమయ్యా, నువ్వు డ్రైవరువా, ఇన్‌స్పెక్టరువా?" అని మా తోడల్లుడు నవ్వాడు.

"అన్నీ చేశాను, పోనివ్వు. నాకే చెబుతావా?" అన్నాను నేను.

"మీకెందుకు జెప్త సార్? మీరు జెప్పిందే మళ్ల యాది జేస్తున్న" అని అతను స్టీరింగు ముందు కూర్చున్నాడు.

భువనగిరి దాటాక రోడ్డు పనులు జరుగుతున్నాయి. బండి ఎగిరెగిరి పడుతోంది. వెనకాల సామాను దడదడలాడుతోంది. మా ఆవిడ ముక్కు ఎగబీల్చి ఏదో వాసన అంది. అదే సమయంలో ముందు సీట్లో మా తోడల్లుడు సిగరెట్టు నోట్లో పెట్టుకుని అగ్గిపుల్ల తీశాడు.

ఆ తర్వాత జరిగింది రెప్పపాటులో జరిగింది. డ్రైవరు ఒక చేత్తో బండిని రోడ్డు దింపుతూ, ఇంకో చేత్తో తోడల్లుడి చేతిమీద ఒక్క దెబ్బ కొట్టాడు. అగ్గిపెట్టె కిటికీలోంచి బయటికి ఎగిరింది. సిగరెట్టు ఒళ్లో పడింది.

"దిగుండ్రి! అందరు దిగుండ్రి! ఏం ముట్టకుండ్రి!" అని అరుస్తూ బండి ఆపాడు. తాళం తిప్పి, తలుపులు బార్లా తీసి, పాపను ఎత్తుకుని దూరంగా ఉన్న చింతచెట్టు దాకా పరిగెత్తాడు. మేం వెనకాలే పడుతూ లేస్తూ వెళ్లాం. గ్యాసు మాదేనని నాకు వాసన తగిలిన క్షణంలోనే తెలుసు. నాకు వేసిన భయం చావు భయం కాదు. ఇతను వెళ్లి వెనక తలుపు తీస్తే రెగ్యులేటరు చూస్తాడు. అందరూ చూస్తారు. భార్యనీ బిడ్డనీ చంపబోయి, మొహం ఎలా చూపించాలా అని ఆలోచించాను.

"నువ్వాగు, గ్యాసు సంగతి నాకు తెలుసు, నేను చూస్తాను" అని డ్రైవరును ఆపి నేనే బండి దగ్గరికి పరిగెత్తాను. పొయ్యి దగ్గర గొట్టం ఊడిపోయి బుస్సుమంటోంది. మీట తిప్పాను. రెగ్యులేటరు చల్లగా వేళ్లకు అంటుకుంటోంది. బిరుసుగా ఉంటుందని తియ్యని రెగ్యులేటరు ఇప్పుడు ఒక్క గుంజుకే వచ్చేసింది. గొట్టంతో సహా చుట్టి పరుపుచుట్టలోకి దూర్చాను. సిలిండరును నిలబెట్టాను. వెనక్కి తిరిగితే మా పాప నిలబడి ఉంది. వాళ్లమ్మ చెయ్యి విడిపించుకుని వచ్చేసింది.

"నా బొమ్మల సంచి" అంది.

సంచి తీసి ఇచ్చి, "అమ్మ దగ్గరికి పో" అని కసిరాను.

అందరూ దగ్గరికి వచ్చాక గట్టిగానే చెప్పాను. "సిలిండరు దగ్గర ఏం లేదు. రెగ్యులేటరే లేదు చూడండి. వాసన బండిదే. బండికి గ్యాసు ఎక్కడ కొట్టించావు నువ్వు?"

ఆ రోజుల్లో కొందరు సందుల్లో వంటింటి సిలిండర్ల నుంచి బండ్లకు దొంగగా గ్యాసు ఎక్కించేవాళ్లు. ఆ పని చేసే డ్రైవర్లు నట్లూ గొట్టాలూ వదులు చేసి వదిలేస్తారని అందరూ అనుకునేవారు. ఆ మాట ఎక్కడ తగులుతుందో తెలిసే అన్నాను.

"బంకులనే కొట్టిచ్చిన సార్. పిల్లల మీద ఒట్టు" అన్నాడు డ్రైవరు. తర్వాత మెల్లగా వెనక్కి వెళ్లాడు. నిలబడి ఉన్న సిలిండరు మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టి అలాగే ఉంచాడు. దాని మీది చెమ్మ చెయ్యంతా తడిపింది. ఆ చేతిని ప్యాంటుకి తుడుచుకుని నా వైపు చూశాడు. ఒక్కసారే చూశాడు. నేను తల తిప్పుకున్నాను.

అతను సిలిండరును తాడుతో కట్టి, మూత లేని నోటికి తన భుజం మీది తువ్వాలు చుట్టాడు.

మా తోడల్లుడికి ప్రాణం దక్కిందన్న సంతోషం కంటే డ్రైవరు చెయ్యి చేసుకున్నాడన్న మంట ఎక్కువైంది. అక్కడికక్కడే సెల్లు తీసి ఓనరుకి ఫోన్ చేశాడు. మీ డ్రైవరు దొంగ గ్యాసు ఎక్కించాడు, అడిగితే మీదికొచ్చాడు, మనుషుల్ని చంపేవాడు అని ఉన్నవీ లేనివీ కలిపి చెప్పాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

భద్రాచలం వెళ్లాం, దర్శనం చేసుకున్నాం, ఫొటోలు దిగాం. ఆ రెండు రోజులూ డ్రైవరు మా వంట తినలేదు. మా ఆవిడ విస్తరి పెట్టి పిలిస్తే, "ఆకలి లేదమ్మా" అనేవాడు. ప్రతిసారీ బండి కదిలే ముందు తానే వెళ్లి సిలిండరు చూసుకునేవాడు. నన్ను మాత్రం ఏమీ అడగలేదు.

తిరిగి వచ్చేసరికి ఉప్పల్ చౌరస్తాలో ఓనరు నిలబడి ఉన్నాడు. తోడల్లుడి మాట పక్కనపెట్టి సూటిగా నన్నే అడిగాడు.

"మీరు గ్యాసు కాడ పనిజేసే సారు గదా, మీరు జెప్పుండ్రి. వాసన బండిదేనా? పోరగాడు ఆరు నెలల సంది నడుపుతున్నడు, ఎన్నడు మాట రాలె. మీరు ఎట్ల జెప్తె గట్లనే."

ఒక్క మాట చాలు. 'కాదు, తప్పు నాదే' అంటే అతని పని నిలబడేది. డ్రైవరు బండికి ఆనుకుని నేల చూస్తున్నాడు. మా ఆవిడ పాప చెయ్యి పట్టుకుని నా వైపు చూస్తోంది. తోడల్లుడు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బండిదే అయ్యుంటుంది" అన్నాను.

ఓనరు చెయ్యి చాపాడు. డ్రైవరు తాళాలు అతని చేతిలో పెట్టి, సీటు కిందనుంచి తన టిఫిను డబ్బా, చెప్పులు తీసుకుని, బోడుప్పల్ వైపు నడిచి వెళ్లిపోయాడు. సిలిండరుకి చుట్టిన అతని తువ్వాలు మా సామానుతో పాటు మా ఇంటికొచ్చేసింది.

తర్వాతి మార్చిలో ఫ్యాక్టరీలో భద్రతా వారోత్సవాలు జరిగాయి. 'మూత మరిస్తే ముప్పు తప్పదు' అని రాసిన నా నినాదానికి మొదటి బహుమతి వచ్చింది. వేదిక మీద నాలుగు మాటలు మాట్లాడమంటే క్యారేజీ అందుకుని దిగిపోయాను. వినయం అనుకుని చప్పట్లు కొట్టారు.

తువ్వాలు ఉతికి, మడత పెట్టి, రెండుసార్లు చెంగిచెర్ల వెళ్లాను. రెండుసార్లూ వీధి మొదట్లోంచే వెనక్కి వచ్చాను. ఇల్లు దొరకలేదని నాకు నేను చెప్పుకున్నాను. నిజానికి ఎవర్నీ అడగలేదు. ఎవరైనా చూపిస్తే వెళ్లాల్సి వస్తుంది కదా.

తెలంగాణ వచ్చిన ఏడాది మేం పీర్జాదిగూడలో కొన్న అపార్ట్‌మెంటులోకి మారాం. మా పాప ఇంటర్‌లో చేరబోతోంది. ఒక ఆదివారం పొద్దున తలుపు కొట్టి "గ్యాస్" అన్నారెవరో. పాప వెళ్లి తీసింది. నేను లోపల గదిలో పేపరు చదువుతున్నాను. గొంతు వినగానే లేచాను. తలుపు సందులోంచి చూస్తే అతనే. జుట్టు నెరిసింది. మూడంతస్తులు భుజాన మోసుకొచ్చిన సిలిండరు దించి రొప్పుతున్నాడు. గోడ మీది ఫొటోలో నన్ను చూసి గుర్తుపట్టాడు.

"సార్ ఇల్లా ఇది? నువ్వు గా చిన్న పాపవు గదా!"

లోపలే ఉండిపోయాను.

అతను తెల్ల మూత తీసి, సిలిండరు నోట్లో నీటిచుక్క వేసి, బుడగ రావడంలేదని పాపకు చూపించాడు. మూతకున్న తాడును సిలిండరు పిడికి రెండు ముడులేసి కట్టాడు. "ఈ టోపీ పారెయ్యకు బిడ్డా. గ్యాసు బండ ఎప్పుడు కదిపినా టోపీ వెట్టే కదపాలె. చెయ్యి వెట్టి చూడు, చల్లగైందంటె గ్యాసు పోతున్నట్టు. ఇవన్ని నాకు నేర్పిచ్చింది మీ డాడీనే."

సంతకం పెట్టించుకుని, ఖాళీ సిలిండరు భుజానికెత్తుకుని మెట్లు దిగాడు.

నేను హాల్లోకి వచ్చాను. పాప తలుపు వెయ్యకుండా అలాగే నిలబడి ఉంది.

"నాన్నా, ఆ రోజు నువ్వు రెగ్యులేటరు పరుపుచుట్టలో పెట్టావు కదా" అంది. "నేను చూశాను. ఆ మూత కూడా అప్పుడు నా బొమ్మల సంచిలోనే ఉంది. నువ్వే చెబుతావులే అని ఊరుకున్నాను. ఆయనకి ఎప్పుడైనా చెప్పావా?"

బీరువాలోంచి తువ్వాలు తీసుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా మెట్లు దిగాను. అతను కింద ట్రాలీ ఆటోలో ఖాళీ సిలిండర్లు నిలబెడుతున్నాడు. చుట్టూ అపార్ట్‌మెంటు వాళ్లు నలుగురైదుగురు గ్యాసు పుస్తకాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్లందరి ముందే చెప్పాను.

"ఆ రోజు వాసన బండిది కాదయ్యా. మా సిలిండరుదే. నేనే రెగ్యులేటరు దాచాను. నీ పని నేనే పోగొట్టాను."

అతను తువ్వాలు అందుకుని తిప్పి చూసుకున్నాడు.

"తెల్సు సార్. చల్లగుండె గద."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు? ఓనరు ముందైనా చెప్పొచ్చు కదా!"

"ఎట్ల జెప్పాలె సార్? పాప ఉండె గద అక్కడ. తండ్రి అబద్ధమాడిండని బిడ్డ ముంగట అంటె ఏం బాగుంటది? చిన్న పాణం, గుర్తుంటది." తువ్వాలు భుజాన వేసుకుని నవ్వాడు. "పోనీ తియ్యి సార్. బిడ్డకైతె తెల్వలె. గంతే చాలు."

పైకి చూశాను. మూడో అంతస్తు బాల్కనీలో పాప నిలబడి మమ్మల్నే చూస్తోంది. ఆమెకు ఏడేళ్లప్పుడే అంతా తెలుసని అతనికి చెప్పాలి. చెప్పకుండా, కింద మిగిలిన ఖాళీ సిలిండరు ఎత్తి అతనికి అందించాను. అతను ఆటో ఎక్కి తర్వాతి వీధిలోకి వెళ్లిపోయాడు.